కాలువ నీటి నుండి గుండె దాకా

గుండెజబ్బు అనగానే మనకు కొవ్వు, చక్కెర, పొగాకు గుర్తుకొస్తాయి. నైలునదీ తీరవాసులకు ఒక పురుగు కూడా గుర్తుకొస్తుంది. 1851లో కైరోలోని ఖస్రుల్ ఐనీ ఆసుపత్రిలో పనిచేస్తుండిన జర్మన్ వైద్యుడు థియోడర్ బిల్హార్జ్ శవపరీక్షలో దానిని గుర్తించాడు. ఆయన పేరు మీదుగానే ఆ వ్యాధిని బిల్హార్జియా అంటారు. ప్రాచీన ఈజిప్టు మమ్మీలలో సైతం దాని గుడ్లు కనిపించాయి.

రోగి మలమూత్రాలతో గుడ్లు నీటిలో చేరుతాయి. వాటి నుండి వెలువడిన సూక్ష్మజీవులు మంచినీటి నత్తలో పెరిగి, తిరిగి నీటిలోకి వచ్చి, అందులో దిగినవారి చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతాయి. ఆ నీరు త్రాగనక్కరలేదు, కాళ్ళు పెడితే చాలు. పొలంలో నీరు పెట్టే రైతు, కాలువలో బట్టలుతికే ఇల్లాలు, ఈతకు దిగే పిల్లవాడు, అందరూ దీని బారిన పడేవారే.

పురుగులలో ఒక రకం ప్రేగుల సిరలలో కాపురముండి గుడ్లు పెడుతుంది. అవి రక్తంతో కొట్టుకొనిపోయి కాలేయంలో చిక్కుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ కాలేయం గట్టిపడి, రక్తం ప్రక్కదారులు వెతుక్కుంటుంది. ఆ దారులలోనే గుడ్లు ఊపిరితిత్తులకు చేరుతాయి. అక్కడ వాటిపై శరీరం జరిపే పోరాటమే సన్నని ధమనుల గోడలను మందంగా మార్చి, దారిని ఇరుకు చేస్తుంది.

భారమంతా గుండె కుడి జఠరికపై పడుతుంది. శరీరమంతటికీ రక్తం పంపే ఎడమ జఠరిక 120 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో పనిచేస్తే, కుడిదానికి 25 సరిపోతుంది. అందుకే దాని గోడ పలుచన. ఎదుట ఒత్తిడి పెరిగినప్పుడు అది మొదట కండను పెంచుకొని నెగ్గుకొస్తుంది. ఆ దశలో రోగికి మెట్లెక్కితే వచ్చే ఆయాసం తప్ప మరేమీ తెలియకపోవచ్చు. శక్తి చాలనప్పుడు అది ఉబ్బి, నడిమి గోడను ఎడమవైపుకు నెడుతుంది. ఎడమ గది సరిగా నిండక కళ్ళు తిరుగుతాయి, స్పృహ తప్పుతుంది; కాళ్ళు వాస్తాయి, మెడ సిరలు ఉబ్బుతాయి.

నిలకడగా ఉన్న నీటిలో మూత్రవిసర్జన చేయరాదని దైవప్రవక్త (స) వారించారు. నీటి రేవులలో, బాటలలో, నీడపట్టున మలవిసర్జన చేయడాన్ని శాపహేతువుగా హెచ్చరించారు. పురుగు ప్రయాణంలో మొదటి అడుగు సరిగ్గా అక్కడే తెగిపోతుంది.

పూర్వం ఈజిప్టులో దీనికి సామూహికంగా సూదిమందు ఇచ్చారు. సూదులను సరిగా శుద్ధి చేయకపోవడంతో హెపటైటిస్ సి వ్యాపించింది. ఒక రోగం తీర్చబోయి మరొకటి అంటించడమన్నమాట! ఇప్పుడు ప్రాజిక్వాంటెల్ మాత్రలున్నాయి. అవి పురుగులను చంపుతాయి గాని ఇరుకైన ధమనులను పూర్తిగా విప్పలేవు. అందుకు ఊపిరితిత్తుల రక్తపోటును తగ్గించే మందులు వేరుగా కావాలి.

మన తెలుగునేలపై ఈ వ్యాధి సాధారణంగా కనబడదు. అందువల్ల ఇక్కడి వైద్యునికి అది వెంటనే స్ఫురించకపోవచ్చు. ఉపాధికై సూడాన్, యెమన్, తూర్పు ఆఫ్రికా దేశాలలో ఉండి, అక్కడి కాలువలలోనో సరస్సులలోనో దిగినవారు, ఎన్నేళ్ళ తర్వాతనైనా కారణం తెలియని ఆయాసం వస్తే, ఆ సంగతి వైద్యునికి చెప్పి ఎకో పరీక్ష గురించి అడగాలి.