పేటెంటు హక్కా, బతికే హక్కా?

మందుల ధరలు స్త్రీల సమస్య ఎలా అవుతాయి, రోగం ఆడా మగా చూసి రాదు కదా? మన సంఘాల సమావేశాల్లోనే ఈ ప్రశ్న వినబడుతూ ఉంటుంది. నిజమే, రోగం చూసి రాదు. వైద్యం మాత్రం చూసే వస్తుంది. భర్తకో కొడుకుకో పెద్ద జబ్బు చేస్తే పొలం తాకట్టు పెడతారు, పుస్తెలతాడు అమ్ముతారు. అదే జబ్బు ఆమెకి చేస్తే 'కొన్నాళ్లు ఆగి చూద్దాం' అంటారు. చాలాసార్లు ఆ మాట అనేది కూడా ఆమే. కుటుంబంలో వనరుల పంపిణీ ఎన్నడూ సమానంగా లేదు. మందు ధర పెరిగినకొద్దీ ఆ అసమానత ప్రాణాంతకమవుతుంది. అందుకే ఆ ధరను ఎవరు, ఎక్కడ నిర్ణయిస్తున్నారన్నది స్త్రీల ప్రశ్న.

తయారీ ఖర్చును బట్టే ధర ఉంటుందని మనల్ని నమ్మిస్తారు. ట్రాస్టుజుమాబ్ చరిత్ర చూడండి. రొమ్ము కాన్సర్ వచ్చిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి ఉండే 'హెర్-2' రకానికి వాడే మందు ఇది. రోష్ కంపెనీ 'హెర్సెప్టిన్' పేరుతో అమ్మిన ఈ మందు మన దేశంలో 440 మిల్లీగ్రాముల సీసా లక్ష రూపాయలు దాటి ఉండేది. మూడు వారాలకోసారి చొప్పున ఏడాదిపాటు ఎక్కించుకోవాలి. ఎంతమంది ఇళ్లలో అది సాధ్యం?

2012లో కల్యాణీ మీనన్-సేన్ వంటి స్త్రీవాదులు ఈ మందు అందుబాటు కోసం ప్రచారోద్యమం ప్రారంభించారు. 2013లో తప్పనిసరి లైసెన్సు ప్రతిపాదన ప్రభుత్వం ముందుకు వచ్చింది. తప్పనిసరి లైసెన్సు అంటే, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా కొంత రాయల్టీ చెల్లించి మరొకరు ఆ మందు తయారు చేసుకోవడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి. అదే ఏడాది ఆగస్టులో రోష్ తన పేటెంటును వదులుకుంది. 2014లో బయోకాన్ దానికి సమానమైన మందును 57,500 రూపాయలకు తెచ్చింది. రోష్ వెంటనే ఢిల్లీ హైకోర్టుకెక్కింది. కూలిపని చేసుకునే స్త్రీకి 57,500 కూడా అందే ధర కాదు. అయినా ఒక సంగతి తేలిపోయింది: గుత్తాధిపత్యం కదిలితే ధర కదులుతుంది.

తప్పనిసరి లైసెన్సు భయం ఉత్త భయం కాదు. అంతకుముందే, 2012 మార్చిలో, బేయర్ కంపెనీ కాన్సర్ మందు 'నెక్సావర్' తయారీకి హైదరాబాదులోని నాట్కోకి ఆ లైసెన్సు దొరికింది. నెలకు 2,80,000 రూపాయలు దాటిన మందు 8,880 రూపాయలకు వచ్చింది. విషాదమేమిటంటే మన దేశం ఇప్పటివరకు ఇచ్చిన తప్పనిసరి లైసెన్సు అదొక్కటే.

ఈ పోటీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాకుండా, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. ఆ చట్టం నీడలోనే హైదరాబాదు మందుల పరిశ్రమ పెరిగింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ, దానితో ట్రిప్స్ ఒప్పందం వచ్చాయి. 2005 నుంచి మనమూ మందులకే పేటెంటు ఇవ్వాల్సి వచ్చింది. అయినా పోరాడి రెండు రక్షణలు నిలుపుకున్నాం. ఒకటి సెక్షన్ 3(డి). పాత మందుకే చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడిగితే, అది రోగంమీద మరింత బాగా పనిచేస్తుందని నిరూపించాలి. 2013లో సుప్రీంకోర్టు నోవార్టిస్‌కు 'గ్లివెక్' కేసులో చెప్పింది ఇదే. రెండవది, పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే హక్కు.

ఈ రెండో హక్కు విలువ ఇద్దరు యువతులు చూపించారు. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే ఇద్దరూ మొండి క్షయ నుంచి బయటపడినవాళ్లే, ఇద్దరూ పాత మందుల విషప్రభావంతో వినికిడి పోగొట్టుకున్నవాళ్లే. బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ పేటెంటు పొడిగింపును వాళ్లు 2019లో సవాలు చేశారు. 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు కంపెనీ దరఖాస్తును తిరస్కరించింది. ఆ ఏడాదే జెనరిక్ పోటీ మొదలై, అంతర్జాతీయ సరఫరాలో ఆరు నెలల కోర్సు ధర 130 డాలర్లకు, అంటే సగానికంటే తక్కువకు పడిపోయింది. 'పరిశోధన ఖర్చు ఎవరు భరిస్తారు?' అని అడిగేవాళ్లు ఈ మందు పరిశోధనలో ప్రజల పన్నుల సొమ్మెంతుందో కూడా అడగాలి.

సరిగ్గా ఈ హక్కుమీదే ఇప్పుడు దెబ్బ పడుతోంది. 2024 మార్చిలో సవరించిన పేటెంటు నిబంధనలు అభ్యంతరం చెప్పేందుకు రుసుము పెట్టాయి. ఆ అభ్యంతరం విచారణకు తగునో కాదో ముందుగా అధికారి తేల్చాలన్నాయి. పేటెంటు పొందిన మందు దేశంలో ఎంతమేరకు అందుతోందో కంపెనీ ఏటా చెప్పాల్సింది మూడేళ్లకోసారి చెబితే చాలన్నాయి. ఆ లెక్క లేకుండా తప్పనిసరి లైసెన్సు అడిగేదెలా? 2025 జూలైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలో, మందుల అందుబాటుకు స్వచ్ఛంద లైసెన్సులే మేలైన మార్గమని రాసుకున్నారు. స్వచ్ఛంద లైసెన్సు అంటే కంపెనీ తనకిష్టమైతే, తన షరతులమీద ఇచ్చేది. దాన్ని హక్కు అనగలమా? అది దయాధర్మం.

మరోవైపు అమెరికా ఏళ్ల తరబడి మనల్ని పేటెంట్ల నిఘా జాబితాలో పెడుతూనే ఉంది. 2025 మేలో ట్రంప్ ప్రభుత్వం ఇతర దేశాలు తక్కువ చెల్లించడమే అమెరికాలో అధిక ధరలకు కారణమంది. అంటే అక్కడి స్త్రీకి ధర తగ్గాలంటే ఇంకోచోటి స్త్రీకి పెరగాలట! కంపెనీ లాభం మాత్రం ఎక్కడా తగ్గనక్కర్లేదట!

ఈ బేరాల బల్ల దగ్గర లేని స్త్రీ ఒకరున్నారు. 2022లో కేరళలో రొమ్ము కాన్సర్ రోగి ఒకామె రైబోసిక్లిబ్ మందుకు తప్పనిసరి లైసెన్సు ఇప్పించమని హైకోర్టును ఆశ్రయించారు. ఆ మందుకి అప్పట్లో నెలకు 50 వేల రూపాయలకు పైగా అయ్యేది. తీర్పు రాకముందే ఆమె చనిపోయారు. కేసును కోర్టు తనంతట తానే కొనసాగించింది.

ఆరోగ్యశ్రీ వంటి పథకాలున్నాయి కదా అని కొందరంటారు. గుత్త ధరను ప్రభుత్వం చెల్లిస్తే ప్రజాధనం కంపెనీకి చేరుతుంది. చెల్లించనంటే ఆ మందే జాబితాలోకి రాదు. రెండు విధాలా నష్టపోయేది మనమే.

గృహహింస చట్టాన్నీ, నిర్భయ చట్టాన్నీ చదువుకున్నట్టే పేటెంట్ల చట్టాన్నీ మనం చదువుకోవాలి. స్త్రీల ప్రాణాలకు సంబంధించిన మందులపై పేటెంటు దరఖాస్తులను గమనించి, రోగుల సంఘాలతో కలిసి అభ్యంతరాలు వేయాలి. 2024 నిబంధనలను వెనక్కి తీసుకోమనీ, రైబోసిక్లిబ్ వంటి మందులకు తప్పనిసరి లైసెన్సులివ్వమనీ, వాణిజ్య ఒప్పందాల ముసాయిదాలను సంతకానికి ముందే ప్రజల ముందు పెట్టమనీ డిమాండ్ చేయాలి. అభ్యంతరం చెప్పే హక్కు ఇంకా చట్టంలోనే ఉంది. వాడకుండా వదిలేస్తే దాన్ని తీసేయడం వాళ్లకు మరీ తేలిక.