పంజరం మనది, మొండితనం దానిదా?

నిజామాబాద్ గల్లీల్లోనూ బోధన్ చుట్టుపక్కల ఊళ్లలోనూ చిలుకను పెంచే ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "ఏండ్ల సంది సాదుతున్నం, అయినా చేతికి రాదు. దగ్గరికి పోతే కరుస్తది." మిట్టూ అని ముద్దుగా పేరు పెట్టాం, పచ్చిమిర్చి పెడుతున్నాం, జామపండు పెడుతున్నాం, ఇంకా మన మీద నమ్మకం కుదరలేదేమని బాధపడతాం. ఆ నమ్మకాన్ని మొదట్లోనే తుంచేసింది మనమేనని మాత్రం ఒప్పుకోం. ఈ పాపంలో పట్టి తెచ్చినవాడికి, అంగట్లో అమ్మినవాడికి, కొన్న ఇంటికి, చూసి ఊరుకున్న ఊరికి అందరికీ వాటా ఉంది.

రామచిలుక చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. చలికాలం చివరి నుంచి ఎండలు ముదిరేదాకా దాని సంసారమంతా ఆ తొర్రలోనే. ఈకలైనా సరిగా రాని పిల్లలను అందులో చెయ్యి పెట్టి లాగుతారు. బుట్టలో కుక్కి తెస్తారు, ఎగరకుండా రెక్కల ఈకలు కత్తిరిస్తారు. మనిషి చేతితో దానికి మొదటి పరిచయం అదే. మనింటికి వచ్చాక మళ్లీ అలాంటి చెయ్యే పంజరం తలుపు తీసుకుని పైనుంచి దిగుతుంది. డేగ దిగేదీ పైనుంచే. వేటాడే వాటి బారిన పడకుండా బతకడమే తెలిసిన పక్షికి ఆ చెయ్యి ప్రేమగా ఎలా కనబడుతుంది?

చిలుక ఉన్నట్టుండి కరిచిందంటాం. నిజానికి అది కరిచే ముందు ఎన్నో విధాల వద్దని చెబుతుంది. ఈకలు ఒంటికి అతుక్కుపోతాయి. తల వెనక్కి లాక్కుంటుంది. కనుపాప గబగబా చిన్నదవుతూ, పెద్దదవుతూ ఉంటుంది. మూలకు జరుగుతుంది, ముక్కు తెరుస్తుంది. ఇన్ని చెప్పినా మనం వినం. చుట్టాలొస్తే చేతి మీద కూర్చోబెట్టి చూపించాలి, పిల్లలు అడిగితే పట్టి ఇవ్వాలి. చివరికి కరుస్తుంది. అప్పుడు దాన్ని పొగరుబోతు అంటాం.

నమ్మకం గురించి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామన్న హామీలు విని విని విసిగిన చెరుకు రైతు, ఇప్పుడు ఎవరొచ్చి ఏం చెప్పినా వెంటనే నమ్మడు. ఆ రైతును మనం మొండివాడు అనం. మాట ఇచ్చినవాళ్లు ముందు చేసి చూపించాలంటాం. అదే న్యాయం పంజరంలో ఉన్న పక్షి దగ్గర మనకెందుకు గుర్తుకు రాదు?

భద్రాచల రామదాసు కథ చిన్నప్పటి నుంచి వింటున్నాం. పూర్వజన్మలో చిలుకను 12 రోజులు పంజరంలో ఉంచినందుకే గోల్కొండలో 12 ఏళ్లు చెర అనుభవించాడని పిల్లలకు చెబుతాం. ఆ కథ చెప్పిన వాకిట్లోనే పంజరం వేలాడదీస్తాం. పురాణం సరే, చట్టాన్నీ లెక్కచేయలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రామచిలుకను కాపాడుతోంది. 1990-91 నుంచి మన దేశపు అడవి పక్షుల వ్యాపారంపై నిషేధం ఉంది. 2022 సవరణతో రామచిలుక ఆ చట్టంలోని రెండో షెడ్యూల్‌లో చేరింది. అంటే దాన్ని పట్టడమూ, అమ్మడమూ, ఇంట్లో పెంచడమూ నేరమే. ఇది తెలిసినవాళ్లం కూడా పక్కింటివాళ్లతో పేచీ ఎందుకని నోరు మూసుకున్నాం. చదువుకున్నవాళ్లం, పత్రికల్లో రాసేవాళ్లం, బడిలో పాఠం చెప్పేవాళ్లం ఇందులో ముందున్నాం. చేనులో చిలుక జొన్నకంకి మీద వాలితే మంచె ఎక్కి వడిసెలతో తరుముతాం, ఇంట్లో అయితే ఊచల వెనక పెట్టి ముద్దు చేస్తాం. తొర్రలున్న పాత చెట్లు కొట్టేస్తుంటే అడ్డుపడం.

ఇప్పటికే ఇంట్లో చిలుక ఉన్నవాళ్లు పాపపరిహారమని పంజరం తలుపు తీసేయకండి. రెక్కలు కత్తిరించిన, మేత వెతుక్కోవడం నేర్వని పక్షి కాకులకో పిల్లికో బలైపోతుంది. అటవీ శాఖ అధికారులకు అప్పగించండి. అప్పగించేదాకా చెయ్యి లోపల పెట్టకండి. పంజరాన్ని ఒక పక్క గోడకు ఆనించి, మీ కంటి ఎత్తున ఉంచండి. పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకోండి, దాని కళ్లలోకి గుచ్చి చూడకండి. ఊచల సందులోంచి జామ ముక్క పట్టుకుని, అది మెడ చాచి అందుకునేదాకా కదలకుండా ఉండండి. ముక్కను ఒంటికాలితో పట్టుకుని, ఒంటి ఈకలు వదులు చేసుకుని మీ ఎదుటే తిన్నదంటే ఆ రోజుకు అదే గొప్ప. తర్వాతెప్పుడో ఒక పుల్లను దాని కాళ్ల ముందు పెట్టొచ్చు. ఎక్కాలా వద్దా అన్నది దాని ఇష్టం. ఎన్నటికీ ఎక్కకపోవచ్చు. చాలా రామచిలుకలకు ఒంటి మీద చెయ్యి పడటం అసలే నచ్చదు. ఆ అయిష్టాన్ని గౌరవించడమే మనం చూపగల ప్రేమ.

సరిగ్గా చూసుకుంటే 20 ఏళ్లకు పైగా బతికే పక్షి అది. అన్నేళ్ల చెరకు మనం ఇచ్చే జామ ముక్క బదులు కాదు. కాబట్టి అంగట్లో చిలుకపిల్ల కనిపిస్తే జాలిపడి కూడా కొనకండి. మీరు ఒకటి కొంటే ఇంకో తొర్రలోకి చెయ్యి వెళ్తుంది. కొనకుండా వెళ్లిపోవడమూ చాలదు. అటవీ శాఖకు ఫోన్ చేసి చెప్పండి. ఇన్నాళ్లూ మనం చేయకుండా వదిలేసిన పని అదే.