సముద్రపు ఒడ్డున మన ఇంటివారికి ఒక చోటు

ఆదివారం సాయంత్రం మన తీరంలోని ఏ బీచ్‌కైనా వెళ్లి, అక్కడికి వచ్చిన కుటుంబాలను కాసేపు గమనించండి. మగవారు ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి అలల్లోకి నడుస్తారు. పిల్లలు కేరింతలు కొడుతూ వారి వెంట పరుగెత్తుతారు. ఇంటి ఆడవారు మాత్రం పొడి ఇసుకలో చెప్పులు, టిఫిన్ క్యారియర్లు, అందరి ఫోన్లు, అత్తగారి మందుల సంచి చుట్టూ పెట్టుకుని, ఒళ్లో చంటిబిడ్డతో కూర్చుని ఉంటారు. ఈ దృశ్యం అందరి ఇళ్లలోనూ ఉన్నదే. మన ఇళ్లలో మరికొంత ఎక్కువ. మూడు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన ఇల్లాలు సముద్రాన్ని యాభై అడుగుల దూరం నుండి చూసి తిరిగి వెళ్తుంది. ఆమెను ఎవరూ అడ్డుకోలేదు. అంతమంది అపరిచితుల నడుమ తడిసిన దుస్తులతో నిలబడటానికి ఆమె హయా ఒప్పుకోలేదు, అంతే. జనం లేని చోట, సముద్రం పక్కన, కుటుంబమంతా నాలుగు రోజులు ఉండటానికి ఒక ఇల్లు దొరుకుతుందా అని అడిగేవారి మనసులో ఉన్నది చాలావరకు ఇదేనని మా అభిప్రాయం.

ఇది విలాసపు కోరిక కాదు. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసిన సంఘటన హదీసు గ్రంథాలలో ఉంది. ఆ పందెంలో ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరో ప్రయాణంలో అలాగే పందెం వేసినప్పుడు ఆయన గెలిచి, అది మొదటి దానికి బదులని నవ్వుతూ చెప్పారు. భార్యాభర్తల సరదాను వివరించడానికి ఈ సంఘటనను తరచుగా ఉదహరిస్తారు. అందులోని మొదటి మాట మీద మనం అంతగా దృష్టి పెట్టం: ఆయన ముందుగా జనాన్ని పంపివేశారు. భార్య స్వేచ్ఛగా పరుగెత్తడానికి కావలసిన చోటును ఏర్పాటు చేసే బాధ్యతను తానే తీసుకున్నారు. కాటేజీ వెతుకులాట కూడా అటువంటి ఏర్పాటే. కనుక ఆ పనిని ఇంటి మగవారు ఫోన్‌లో నాలుగు ఫోటోలు చూసి ముగించకూడదు.

‘ప్రైవేట్ బీచ్’ అన్న మాటను ప్రకటనల్లో చాలాచోట్ల చూస్తాం. దానిని నమ్మి డబ్బు కట్టకండి. అలలు వచ్చి పోయే ఇసుక ఎవరి సొంత ఆస్తీ కాదు. పడవలు లాగేవారు, వలలు ఆరబెట్టేవారు, నడకకు వచ్చేవారు, అందరూ అక్కడికి రావచ్చు. పైగా తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం గ్రామీణ తీరాలలో పోటునీరు చేరే గరిష్ఠ రేఖ నుండి సాధారణంగా 200 మీటర్ల వరకు, 2019 నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత బాగా ఎక్కువగా ఉన్న చోట్ల 50 మీటర్ల వరకు, కొత్త నిర్మాణాలపై గట్టి ఆంక్షలు ఉన్నాయి. అందుచేత గుమ్మం దిగితే అలలే అని గొప్పగా చెప్పే కొత్త కట్టడాన్ని చూసినప్పుడు, అనుమతి ఉందా అన్న ప్రశ్న మనకు రావాలి. సముద్రానికి కొంచెం లోపలగా, నడిచి ఐదు నిమిషాలలో చేరగల ఇల్లే అన్ని విధాలా మేలు.

మన తెలుగు తీరంలో ఇటువంటి ఇంటి కోసం వెతకదగిన ప్రాంతంగా మేము బాపట్ల జిల్లా తీరాన్ని సూచిస్తాం. విజయవాడ-చెన్నై రైలు మార్గంలో బాపట్ల, చీరాల రెండూ ఉన్నాయి. బాపట్ల నుండి సూర్యలంక సుమారు 9 కిలోమీటర్లు. చీరాల నుండి వాడరేవు అంతకంటే దగ్గర. రెండు ఊళ్లలోనూ మసీదులు ఉన్నాయి, హలాల్ మాంసం దొరుకుతుంది. ఏకాంతం కోసం వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు. సూర్యలంకలో పర్యాటక శాఖవారి కాటేజీలు ఉన్నాయి కానీ, అవి జనం గుమిగూడే చోటే ఉన్నాయి. మనకు కావలసింది ప్రధాన బీచ్‌కు రెండు మూడు కిలోమీటర్లు అటో ఇటో, సరుగుడు తోటల వెనుక ఉండే విడి ఇల్లు. సరుగుడు తోట సహజమైన పర్దా. గాలిని ఆపుతుంది, చూపును ఆపుతుంది. మన తీరం తూర్పు ముఖంగా ఉండటం వల్ల మధ్యాహ్నం దాటాక చెట్ల నీడ సముద్రం వైపుకు, ఇసుక మీదికి సాగుతుంది. అస్ర్ తర్వాత ఆ నీడలో కూర్చున్నవారికి ఎండ బాధ ఉండదు.

ఫోటోలు ఎప్పుడూ ఇంటిని మాత్రమే చూపుతాయి, చుట్టుపక్కలను చూపవు. అందుకని ఇంటి స్థానాన్ని అడిగి తెలుసుకుని, ఫోన్‌లోని ఉపగ్రహ పటంలో దానిని చూడండి. నీటికి ఎంత దూరం, పక్క ఇంటి మేడ మన పెరట్లోకి చూస్తుందా, సముద్రానికి దారి ఎవరి స్థలం గుండా పోతుంది, సమీపంలో మత్స్యకారుల పల్లె ఉందా, ఇవన్నీ అందులో కనిపిస్తాయి. పల్లె దగ్గరగా ఉండటం లోపమేమీ కాదు; ఆపదలో ముందుగా పరుగెత్తుకొచ్చేది వారే. అయితే తెల్లవారుజామున తీరం నిర్జనంగా ఉంటుందని మనం అనుకుంటాం. ఫజ్ర్ నమాజు ముగించుకుని ఇంటివారిని వెంటబెట్టుకుని వెళ్తే అక్కడ అలివి వల లాగుతూ ఇరవై మంది ఉంటారు. పల్లె దగ్గరి తీరానికి ఉదయమే రద్దీ వేళ. అది వారి పనిచోటు. వారిని తప్పుకోమనే హక్కు మనకు లేదు. వారి పని ముగిశాక, సెలవు కాని రోజుల్లో, మధ్యాహ్నం నుండి సాయంత్రం వరకు అదే తీరం ఖాళీగా ఉంటుంది. కార్తీక మాసంలోనూ, మాఘ పౌర్ణమికీ హిందూ సోదరుల సముద్ర స్నానాల కోసం ఈ తీరాలు కిటకిటలాడతాయి. ఆ తేదీలను ముందే చూసుకోవాలి.

ఇక ఇంటి యజమానితో మాట్లాడేటప్పుడు మొహమాటం పనికిరాదు. ఇల్లు మొత్తం మనకేనా, లేక పక్క గదిని మరొకరికి ఇస్తారా? ఆవరణలో సీసీ కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటిని ఎవరు చూస్తారు? వంటవాడు, కాపలాదారు ఎక్కడ పడుకుంటారు? వంట మనమే చేసుకోవచ్చా? శని, ఆదివారాల్లో పక్కనే మద్యం విందులు, పెద్ద శబ్దంతో పాటలు ఉంటాయా? మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఇల్లంతా వారిదేనని చెప్పి, రెండో రోజు సాయంత్రం పైఅంతస్తులో ఎనిమిది మంది యువకులను దింపారు. ఆ ఇంటి ఆడపిల్లలు మిగిలిన రెండు రోజులూ గది గడప దాటలేదు. మొత్తం ఇల్లు మనదేనన్న మాటను ఫోన్ సందేశం రూపంలోనైనా రాతపూర్వకంగా తీసుకోండి. వీలైతే మంగళ, బుధ, గురువారాలు ఎంచుకోండి. అద్దె తగ్గుతుంది, జనమూ తగ్గుతారు.

ఇంతవరకు చెప్పినదంతా ఏకాంతం గురించి. ఇప్పుడు ఆ ఏకాంతంలోనే ఉన్న ప్రమాదం గురించి చెప్పాలి. మా దృష్టిలో ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే. జనం లేని చోట గజ ఈతగాళ్లు ఉండరు. హెచ్చరిక జెండాలు ఉండవు. అరిచినా వినేవారు ఉండరు. బాపట్ల, చీరాల తీరాలలో సెలవు రోజుల్లో మునిగిపోయి యువకులు మరణించిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. వారిలో చాలామంది ఈత రానివారు కావచ్చు. కానీ ఈత వచ్చినవారినీ సముద్రం విడిచిపెట్టదు. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఎక్కడో ఒక చోట ఇరుకైన పాయగా చేరి వేగంగా లోపలికి వెనుదిరుగుతుంది. పైకి అక్కడ అలలు విరగవు, నీరు నెమ్మదిగా కనిపిస్తుంది. అమాయకులు ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ పాయలో చిక్కినవారు ఒడ్డు వైపుకు ఎదురీదితే అలసిపోతారు. ఎదురీదకుండా, తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదలాలి. పాయ నుండి బయటపడ్డాక అలలతో పాటు ఒడ్డుకు రావాలి. రక్షించడానికి ఒకరి వెంట ఒకరు దూకడం వల్లనే ఒకే ఇంట్లో రెండు మూడు జనాజాలు లేస్తున్నాయి. తాడు కట్టిన గాలి ట్యూబు, లేదా మూత గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసరడమే మొదటి పని. వాటిని వెంట తీసుకువెళ్లండి. మోకాలి లోతు దాటి ఎవరూ వెళ్లకూడదన్న నియమం పెద్దలకూ వర్తించాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల గురించి, ఉప్పెన గురించి ముందస్తు హెచ్చరికలు జారీ చేస్తుంది. బయలుదేరే ముందు వాటిని చూడటం అలవాటు చేసుకోవాలి.

దుస్తుల విషయం కూడా దీనితో ముడిపడినదే. పొడవైన బురఖా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. పెద్ద అల వచ్చినప్పుడు లేచి నిలబడనివ్వదు. నీటిని పట్టి ఉంచని గుడ్డతో కుట్టించిన, చీలమండల దాకా వచ్చే సల్వారు, మోకాళ్లు దాటే వదులు కుర్తా, పిన్నులు లేకుండా తలకు బిగిసి ఉండే ముసుగు చాలు. 2004లో ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టీ అనే మహిళ రూపొందించిన బుర్కినీ ఈ ఇబ్బందిని తీర్చడానికే పుట్టింది. మన ఊరి దర్జీ కూడా ఆ మాదిరిగా కుట్టగలడు.

కాలం ఎంపికలో మన వాళ్లు ఎక్కువగా వేసవి సెలవులనే చూస్తారు. మే నెలలో తీరంలో ఉక్కపోత భరించలేనిది. కరెంటు పోతే రాత్రి నిద్ర ఉండదు. పైగా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. తాజా వంజరం, చందువ తినాలనే ఆశతో వెళ్లినవారికి దొరికేది తక్కువ, ధర ఎక్కువ. దసరా సెలవులకు వానలు, వాయుగుండాలు. తుపానుల భయం డిసెంబరు దాకా ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సంక్రాంతి సెలవుల చివరి రోజులే మాకు అన్నింటికంటే అనువుగా తోస్తున్నాయి. చేపల గురించి అనుకున్నాం కనుక ఒక మాట: పీతలు, రొయ్యల విషయంలో ఫిఖ్హ్ మార్గాల మధ్య ఉన్న భేదం తెలిసిందే. వంటవానికి మీ ఇంటి పద్ధతిని మొదటి రోజే చెప్పండి, ఒకే మూకుడులో వేయించకుండా.

నమాజు విషయంలో మన తీరం సులువైనది. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ఇంచుమించు ఖిబ్లా వైపే. పడమరకు కొద్దిగా ఉత్తరంగా తిరిగితే సరిపోతుంది. హనఫీ మార్గంలో సుమారు 78 కిలోమీటర్ల ప్రయాణం, 15 రోజులకు తక్కువ బస ఉంటే నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. హైదరాబాదు నుండి సూర్యలంక వచ్చినవారికి ఖస్ర్ వర్తిస్తుంది. గుంటూరు నుండి వచ్చినవారికి ఆ దూరం లేదు కనుక పూర్తిగానే చేయాలి. రెండు ఊళ్ల బంధువులు కలిసి వెళ్తే జమాఅత్‌లో ఈ తేడా గుర్తుండాలి.

అక్కడికి చేరాక రోజులో ఒక పూటను ఆడవారికే కేటాయించండి. ఆ సమయంలో వంట ఉండదు, పిల్లల బాధ్యత ఉండదు. ఇంటి మగవారిలో ఒకరు నీటి దగ్గర తాడు, ట్యూబుతో ఉంటారు. మరొకరు తోట దారిలో కాపలాగా ఉంటారు. చెప్పులూ చంటిబిడ్డా తాతగారి దగ్గర ఉంటారు. మహ్రమ్ తోడు అంటే రైలులో పక్క సీటులో కూర్చోవడం వరకే కాదు కదా. నానమ్మ, అమ్మమ్మలను ఇంట్లో వదలకండి. తడి ఇసుకలో కుర్చీ వేసి పాదాలకు అల తగిలేలా కూర్చోబెడితే చాలు.

రాత్రి పూట తీరం వైపు దీపాలు ఆర్పివేయండి. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకలోకి వస్తాయి. వెలుతురు ఉంటే వెనుదిరుగుతాయి. పిల్లలకు టార్చిలైట్లు ఇవ్వకుండా, దూరం నుండి చూపించవచ్చు. సంక్రాంతికి వెళ్లదలచినవారు నవంబరులోనే ఇల్లు మాట్లాడుకోవాలి. తుపాను హెచ్చరిక వస్తే బయానా తిరిగి ఇస్తారో లేదో డబ్బు పంపకముందే అడిగి తెలుసుకోండి.