అక్షరమునకు తాళమేల?

ఫిలింనగరు గోడల మీదను, బోరబండ వీధులలోను చలనచిత్రముల పేర్లు వెలయుచునే యున్నవి. వానిని చిత్రకారుడు తన యిచ్చకొలది వంచి, సాగదీసి వ్రాయుగాక, అది కళ. దానికి ప్రమాణమును విధింపుడని మేము కోరము. కాని యా చిత్రమునకే వ్రాసిన సంభాషణల ప్రతియు, కచేరీకి పెట్టుకొను అర్జీయు ఫాంటు నమ్మినవాని దయకు లోబడియుండుట యేమి న్యాయము?

సీసపు అచ్చుల కాలమున ఏ ముద్రాశాల యక్షరములతో నొత్తినను, కాగితము మీది 'అమ్మ' అందరికిని 'అమ్మ'యే. కంప్యూటరు వచ్చిన పిదప వింత దాపురించినది. పాతపద్ధతి అను, శ్రీలిపి ఫాంటులు తెలుగును తలకట్టులుగా, గుడులుగా, వత్తులుగా విడదీసి ఇంగ్లీషు అక్షరముల స్థానములలో దాచినవి. కంటికి తెలుగే, యంత్రమునకు మాత్రము అర్థములేని రోమను గీతలు. ఆ ఫాంటు లేనిచోట భాగవతమును తెరచినను పిచ్చిగీతలే. వెదకిన మాట దొరకదు. ఆనాడు వేరు దారి లేనందున వానివలన పత్రికలకు మేలు కలిగినమాట నిజమే. నేడో?

యూనికోడు 1991లోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించెను. భారత ప్రభుత్వము 2009లో దానిని ఇ-పరిపాలనకు ప్రమాణముగా గైకొనెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన ఫాంటులను ఉచితముగా నొసగిరి. గిడుగు, సురవరము పేళ్లు దాల్చినవియు, మండలి, మల్లన్న, రామభద్రయు నేడు రూక యడుగక లభించుచున్నవి. అయినను మనవారు 2001 నాటి పేజిమేకరును విడువరు! దానికి యూనికోడు తెలియదు. ఇన్‌డిజైను 2012 నుండియే భారతీయ లిపులను కూర్చుచున్నది గదా.

సంకేతము వేరు, రూపము వేరు. సంకేతము విషయమున సడలింపు కూడదు. రూపమును కన్నే పరీక్షింపవలెను: 'స్త్రీ', 'జ్యోత్స్న', 'రాష్ట్రము' వ్రాసి చూడుడు. వత్తులు క్రిందిపంక్తి నెత్తిన పడరాదు. చిన్న యక్షరములలో ధకు థకు, పకు షకు భేదము చెడరాదు. ఈ పరీక్షకు నిలిచిన రెండు మూడు ఫాంటులు కచేరీలకు చాలును.

నిర్మాతలు సంభాషణల ప్రతులను యూనికోడులోనే కోరవలెను. ప్రభుత్వ కార్యాలయములు తమ ముద్రాపకులు తెచ్చు ఇతర ప్రతులను త్రిప్పిపంపవలెను. పాతప్రతులను మార్చు సాధనములు లేకపోలేదు. ఆ పని యీ యేడే ఆరంభింపవలెను; వానిని తెరువగల యంత్రములు ఒక్కొక్కటిగా మూలబడుచున్నవి.