వంగుట వేఱు, వినయము వేఱు



వినయమను మాట మన కుటుంబములకు క్రొత్తది కాదు. 1860 మొదలు 1911 వఱకు లక్షన్నరకు మించిన జనులు హిందూదేశమునుండి ఈ నేటాలు సీమకు ఒప్పందపు కూలీలుగా వచ్చిరి. వారిలో పెక్కుమంది చెన్నపట్టణపు రేవున ఓడ యెక్కినవారు. మన పూర్వులును వారిలోనివారే. ఒప్పందము అయిదేండ్లు. మగవానికి మొదటి యేట నెలకు 10 షిల్లింగుల కూలి. చీటి లేనిదే తోట దాటి పోరాదు. సెలవు లేక పని మానినవానికి న్యాయస్థానమున శిక్ష. దొర యెదుటను సర్దారు యెదుటను తల వంచి నిలుచుట ఆ దినములలో బ్రదుకుతెరువు.

అట్టి వంగుటను వినయమని పిలువరాదు. అది భయము. భయముచేత వంగిన నడుము, భయము తీఱిన గడియనే లేచును. తనకంటె బలహీనుని వంచుటకే లేచును. పగలంతయు మాటపడిన మగవాడు సాయంకాలము ఇల్లు చేరి భార్యపై గొంతు హెచ్చించును. అత్త తాను పడిన పాట్లను కోడలికి వడ్డించును. నలుగురిపై అధికారము దొరికినవాడు నిన్నటి తోడివానిని ‘ఏరా’ యని పిలుచును. ఒప్పందపు దినములు గడచిపోయినవి గాని, ఈ అలవాటు మన యిండ్లలో నింకను మిగిలియున్నది.

యోహాను సువార్త 13వ అధ్యాయమును నిదానముగా చదువుడి. ప్రభువు శిష్యుల పాదములు కడిగెనని మనమందఱము ఎఱుగుదుము. అయితే ఆయన భోజనపంక్తినుండి లేచుటకు ముందు సువార్తికుడు వ్రాసిన సంగతిని మఱచుచున్నాము. తన అధికారమెంతటిదో, తన రాకయు పోకయు ఎవరియొద్దకో ఆయనకు సంపూర్ణముగా తెలియును. తెలిసియే వంగెను. తన్ను శత్రువులకు అప్పగింపబోవు యూదా పాదములనుకూడ విడువలేదు. తన విలువను ఎఱిగినవాడే నిజముగా వినయము చూపగలడు.

మన తెలుగు సంఘ చరిత్రయందును ఇట్టి సాక్ష్యమున్నది. 1903లో జాన్ రంగయ్యగారు తెలుగుదేశమునుండి కేర్స్నీ తేయాకు తోటకు వచ్చిరి. ఏ ఒప్పందమును ఆయనను తెచ్చినది కాదు. ఆయనను పంపినది తెలుగు బాప్తిస్టుల స్వదేశ మిషను సంఘము. బలవంతముచేత జనులు వంగియున్న చోటికి, కోరి వంగిన సేవకుడొకడు వచ్చెను.

వినయమనగా అన్యాయమును నోరెత్తక సహించుటయేనా యని కొందఱు అడుగుదురు. కాదు. దీనమనస్సును గూర్చి ఫిలిప్పీయులకు వ్రాసిన పౌలే, అదే ఫిలిప్పీ పట్టణమున, విచారణ లేకయే తన్ను కొట్టించిన అధికారులు రహస్యముగా పంపివేయజూడగా ఒప్పుకొనలేదు. వారే స్వయముగా వచ్చి తన్ను వెలుపలికి తీసికొనిపోవలెనని కోరెను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చూడుడి. న్యాయమైన కూలి నడుగుట గర్వము కాదు. కూలి నడిగి తెచ్చుకొని, ఇంట ఆలిని అడుగక ఖర్చుచేయుటయే గర్వము.

కాబట్టి మన వినయమునకు కొలత పెద్దలయెదుట మనము పెట్టు నమస్కారము కాదు. మనకు ఏ కీడును చేయలేనివారితో మనము మాటలాడు తీరే. ఈ వారము భర్త తన భార్య మాటను నడుమ త్రుంపక వినునుగాక. అత్త కోడలికంటె ముందుగా గిన్నె కడుగునుగాక. కులముపేరు తలంచి ఎడముగా కూర్చుండువాడు ప్రభురాత్రి భోజనమునకు ముందే లేచి, ఆ సహోదరుని ప్రక్కకు పోయి కూర్చుండునుగాక. ఇవి చిన్న పనులే. పాదములు కడుగుటయు ఆ కాలమున చిన్న పనియే యని యెంచబడెను.

మన ప్రభువైన యేసుక్రీస్తు మనస్సు మనకందఱికిని కలుగునుగాక. ఆమేన్.