ఆమెకి ఒక పేరు పెడదాం

నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట అమరావతి దగ్గర ఒక పల్లెలో పదిహేనుమంది స్త్రీలం ఒక వరండాలో కూర్చున్నాం. పత్తి తీతలు చివరికొచ్చాయి, మిరపకోతలు ఇంకా ఊపందుకోలేదు. కొందరికి రాయడం వచ్చు. రానివాళ్ళు చెబుతుంటే పక్కవాళ్ళు రాయాలని అనుకున్నాం. "మీ జీవితంలో మరచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అన్నాను. సంఘాల్లో పనిచేసే మనందరికీ అలవాటైన ప్రశ్నే ఇది. ఒకామె, పుట్టింటివాళ్ళు తనకిచ్చిన అరెకరాన్ని ఆడపడుచు పెళ్ళికోసం ఎలా అమ్మించారో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. మేమూ కళ్ళు తుడుచుకున్నాం. మర్నాటికల్లా ఆ మాట వాళ్ళింటికి చేరింది. ఆమె మళ్ళీ రాలేదు.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. కథ రాయిద్దామని కూర్చుని నేను ఆమెని సాక్ష్యం అడిగాను. సాక్ష్యం చెప్పినవాళ్ళకి రక్షణ కావాలి. అది నా చేతిలో లేదు. సాయంత్రం బస్సెక్కి నేను వెళ్ళిపోతాను, ఆమె ఆ ఇంట్లోనే అన్నం వండాలి.

ఆ తర్వాతి నుంచి పద్ధతి మార్చాం. "మీ సంగతి వద్దు. మనందరం కలిసి ఒక మనిషిని తయారుచేద్దాం" అంటాను. ముందు ఆమెకి పేరు పెడతాం. ఆ ఊళ్ళో ఎవరికీ లేని పేరే పెట్టాలని మా నియమం.

పేరు చిన్న విషయం కాదు. అమరావతి స్తూపం దగ్గర దొరికిన ప్రాకృత శాసనాల్లో విధికుడు అనే చర్మకారుడి దానశాసనం ఒకటుంది. అందులో అతని పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, కొడుకు పేరు ఉంది. తల్లీ, భార్యా, కూతుళ్ళూ దానంలో భాగస్వాములే, కాని వాళ్ళ పేర్లు లేవు. సొంత పేరుతో దానాలు చేసిన భిక్షుణులు, గృహిణులు అక్కడే వేరే శాసనాల్లో కనిపిస్తారు. కాబట్టి ఆ కాలంలో అసలు వీల్లేదని కాదు. ఒక్కోచోట పేరు ఉంది, ఒక్కోచోట వరస మాత్రమే మిగిలింది. ఈనాటికీ మన ఊళ్ళలో ఆడమనిషిని ఫలానావాడి పెళ్ళాం, ఫలానా పిల్ల తల్లి అనే గుర్తుపడతాం.

పేరు అయ్యాక ప్రశ్నలు. "పేదరాలు, మంచిది, ఓర్పుగలది" అని రాస్తే ఒప్పుకోం. అలాంటి మనిషి సినిమాలో ఉంటుంది, మన వీధిలో ఉండదు. ఆమె కొంగుముడిలో ఏముంది? కిలో పత్తి తీస్తే ఎంత ఇస్తున్నారు, ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతుంది? ఇంట్లో ఎవరితో ఏ అబద్ధం చెబుతుంది? కిందటిసారి 'వద్దు' అని ఎప్పుడు అంది? పాసుపుస్తకం ఎవరి పేర ఉంది? ఈ చివరి ప్రశ్న దగ్గర ప్రతిసారీ గలభా మొదలవుతుంది. ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రంలో 1986లోనే చట్టసవరణ వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఈ సంగతి ఉపన్యాసంగా చెప్పినప్పుడు తలలూపి ఊరుకున్నవాళ్ళే, తాము పేరు పెట్టిన మనిషికి వాటా రాలేదంటే మాత్రం ఊరుకోరు.

తర్వాత చోటు. శంకరమంచి సత్యం అమరావతి మీదే నూరు కథలు రాశారు. 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో అవి చదివినవాళ్ళకి ఆ గుడీ, ఆ కృష్ణ ఒడ్డూ తమ ఊరే అనిపించాయి. చిన్న ఊరు కథకి చాలదని ఇక ఎవరూ అనలేరు. కాని ఆ ఊరికి కాస్త ఎడంగా మిరపకల్లం కూడా ఉంది. కల్లాన్ని ముగ్గురి కళ్ళతో రాయమంటాం. రైతుకి అక్కడ గుంటూరు యార్డులో ఆ రోజు ధర కనిపిస్తుంది. మేస్త్రీకి తలల లెక్క కనిపిస్తుంది. కర్నూలు వైపు నుంచి కోతలకి వలసవచ్చి పట్టాల గుడిసెలో ఉంటున్న బాలింతకి కనిపించేది నీళ్ళ తొట్టి. ఎందుకంటే ఆ చేతిమంట వదలకుండా బిడ్డని రొమ్ముకి ఎత్తుకోలేదు. ఈ మూడోది రాసింది పదేళ్ళుగా కోతలకి వెళుతున్న ఒక స్త్రీ. నాకు అది తట్టి ఉండేది కాదు.

మరోచోట ఇదే పని రాజధాని ఊళ్ళ గురించి చేశాం. 2015 నుంచి 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగింది. భూమి ఇచ్చినవాళ్ళకి ఏటా కౌలు, ప్లాట్లు అన్నారు. భూమిలేని కుటుంబానికి మొదట్లో నెలకి 2,500 రూపాయల పింఛను అన్నారు. ఈ లెక్కలన్నీ కాగితాల మీద ఉన్నాయి. "తోట పోయిన మర్నాడు పొద్దున్నే లేచిన కూలిమనిషి ఎటు నడిచింది?" అన్నది ఏ కాగితంలోనూ లేదు. అది కథ రాస్తేనే తెలుస్తుంది.

ఆఖరిది కథ. పాత్రని ఒక నిర్ణయం ముందు నిలబెట్టాలి. ఒకసారి అందరూ కలిసి ఎంచుకున్న ఘట్టం ఇది: పండక్కి అన్న చీర తెచ్చాడు, చీర కింద సంతకం కోసం ఒక కాగితం ఉంది. ఆమె వేలిముద్ర వేస్తుందా? సగంమంది వేయించారు, పుట్టింటి గడప పోతుందని. సగంమంది వేయించలేదు. ఒకామె చీర తీసుకుని కాగితం తిరిగి ఇచ్చేయించింది. దానిమీద చీకటి పడేదాకా వాదించుకున్నారు. ఎవరూ తన ఇంటి సంగతి ఒక్కటీ చెప్పలేదు. అయినా అందరూ చెప్పారు.

"కూలి పెంచమని అడగాల్సిన చోట కథలేమిటి? ఇవి తీరికున్నవాళ్ళ ముచ్చట్లు" అని మన మిత్రులే అంటారు. కూలి అడగడం మానమని నేను అనడం లేదు. కాని నెల్లూరు జిల్లాని గుర్తుచేస్తాను. అక్కడి అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. అందులో సీతమ్మ ఊరి ఆడవాళ్ళని కూడగట్టి సారా దుకాణం మూయిస్తుంది. 1990ల మొదట్లో దూబగుంట స్త్రీలు ఆ పాఠం చదివి, వాళ్ళు చేసింది మనమెందుకు చేయలేం అని లేచారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు, అది వేరే చర్చ. ఉద్యమాన్ని ఒక పాఠమే నడిపిందనడం ఆ స్త్రీల కోపాన్నీ, తెగువనీ తక్కువ చేయడమే. కాని ఆ కోపానికి సీతమ్మ ఒక పేరిచ్చింది, ఒక దారి చూపింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాత్రని ఎవరు తయారుచేస్తున్నారన్నది ముఖ్యం. నాలాంటి ఉద్యోగస్తురాలు దళితవాడ స్త్రీని "ఊహించుకుని" రాసేస్తే అదీ ఒక ఆక్రమణే. ఆ వాడ స్త్రీలు రాసినప్పుడు పక్కన కూర్చుని వినడం నా వంతు. అక్షరం దిద్దవచ్చు, మాట దిద్దకూడదు.

సంఘాలకి నేను చెప్పదలచుకున్నది ఇంతే. కేసుల వివరాలు సేకరించేటప్పుడు ఎంత జాగ్రత్త పడతామో, కథలు రాయించేటప్పుడూ అంతే పడదాం. రాసినామె ఒప్పుకోకుండా ఆ కాగితం గది దాటకూడదు. కల్పించి చెప్పడం ఆమె హక్కు. "ఇందులో నిజమెంత?" అని అడిగే హక్కు మనకి లేదు.

ఆ వరండా నుంచి వెళ్ళిపోయినామె తిరిగి రాలేదని ముందే చెప్పాను. రెండేళ్ళ తర్వాత బస్టాండులో కలిసింది. "ఇప్పుడు మన సంగతులు కాకుండా ఎవరివో రాయిస్తున్నారంట గదా అక్కా" అంది. అవునన్నాను. "అట్టయితే నా దగ్గర ఒకామె ఉంది" అంది.