మామగారి మతిమరుపు – పెన్నేరు గడ్డ

మన చంద్రపూర్ సోదరి ఒకరు ఇట్లా వ్రాసినారు: "మా మామగారికి డెబ్బై రెండేళ్ళు. అన్నం తిన్న అరగంటకే 'భోజనానికి పిలవలేదేమమ్మా' అంటున్నారు. నలభై ఏళ్ళుగా నడచిన గోల్ బజారు దారి మొన్న తప్పినారు. పెన్నేరు చూర్ణం అల్జైమర్స్ జబ్బును ఆపుతుందని ఎవరో చెప్పగా, మూడు నెలలుగా పాలలో కలిపి ఇస్తున్నాము. గుణం కనిపిస్తుందా?"

ఆ ఎవరో చెప్పినది ఉత్త గాలికబురు కాదమ్మా. పెన్నేరు అంటే అశ్వగంధే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన శాస్త్రవేత్త విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారి బృందం, ఆ జబ్బు లక్షణాలు గల చిట్టెలుకలకు ఈ వేరు సారాన్ని 30 దినాలు పట్టించి, 2012లో ఫలితాలు ప్రకటించినది. దారి గుర్తుండని ఎలుకలు మళ్ళీ దారి నేర్చినవి. మెదడులో పేరుకొన్న అమిలాయిడ్ అనే పదార్థం తగ్గినది. వింత ఏమిటంటే, ఆ సారం ముఖ్యంగా పనిచేసినది మెదడులో కాదు, కాలేయంలో! అక్కడ ఒక మాంసకృత్తు పెరిగి, మెదడులోని ఆ చెత్తను రక్తంలోకి లాగివేసినదట. వీధి కాలువ పారితేనే గదా ఇంట్లో నీరు నిలవదు!

అయితే చిట్టెలుక వేరు, మామగారు వేరు. మనుష్యులలో ఈ జబ్బును ఏ మొక్క సారమైనా ఆపగలదని ఇంతవరకు రుజువు కాలేదు. గింకో ఆకు సారానికీ ఒకప్పుడు ఇట్లాగే పేరు వచ్చినది. అమెరికాలో 3,069 మంది వృద్ధులను సుమారు ఆరేళ్ళు పరీక్షించి 2008లో లెక్క తేల్చగా, ఉత్తుత్తి మాత్ర మింగినవారికంటె వీరికి మేలేమీ జరగలేదు. స్నోడ్రాప్ అనే చలిదేశపు పూలమొక్కలో దొరికిన గాలంటమిన్ వైద్యుల చీటీలోకి ఎక్కినది గాని, అదీ లక్షణాలను కొంతకాలం తేలికపరచేదే.

నా అసలు బెంగ వేరు. మా మేనత్తకు ఇట్లాగే మతి తప్పుతుంటే, ఏడాదిపాటు సరస్వతి ఆకు రసం తాగించినాము. తరువాత రక్తపరీక్షలో బి12 విటమిను బాగా తక్కువని తేలినది. సూదులు వేయించగా మనుషులను పోల్చుకోసాగినది కాని, కాళ్ళ తిమ్మిరి పోనేలేదు. ఆ ఏడాదిని మేమే పోగొట్టినాము. థైరాయిడ్ లోపము, మనోవ్యాకులత కూడా ఇట్లాగే మతిమరుపుగా కనిపిస్తవి, వాటికి మందున్నది.

కాబట్టి సోదరీ, ముందు ఆ పరీక్షలు చేయించండి. పెన్నేరు కొందరిలో థైరాయిడ్‌ను తారుమారు చేస్తుంది, అరుదుగా కాలేయానికి కీడు చేస్తుంది, నిద్రమాత్రలకు తోడైతే మత్తు పెంచుతుంది. చూర్ణం డబ్బా దాచక వైద్యునికి చూపండి. దారి తప్పుతున్నారు గనుక, మామగారి చొక్కా జేబులో ఇంటి చిరునామా చీటీ ఒకటి ఉంచండి. తెలుగులో కాదు, మరాఠీలో వ్రాసి.